శవంలేని మిస్టరీ

"అక్కా, మంచి మిస్టరీ నవల ఉంటే ఇయ్యరాదు? ప్రేమ ఉండాలె గానీ ఏడుపు ఉండొద్దు" అంది ఆర్మూరులో మా పక్కింటి అమ్మాయి. అమెరికా రచయిత్రి జిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన 'గాన్ గర్ల్' ఇద్దామనుకున్నాను. మాయమైన భార్య, అనుమానం మోస్తున్న భర్త, ఎవరి మాట నమ్మాలో తెలియని కథ. కానీ చివరికి నా చెయ్యి డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' మీద పడింది.

ఇది 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన నవల. 1963లో దీని ఆధారంగానే 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా తీశారు. ఇందులో హత్య లేదు, పోలీసులూ లేరు. అయినా దీన్ని మిస్టరీ అనే అంటాను. ఎందుకో వినండి.

వైద్యం చదివే ప్రకాశం మనసు కల్యాణి వైపు, చనువు ఇందిరతో. అతను దుర్మార్గుడేం కాడు, మెత్తనివాడు. తీరా గట్టిగా నిలబడవలసిన రోజున పెద్దల చాటుకు తప్పుకుంటాడు. బాధ్యతలేని తండ్రిని సంపాదించి పోషిస్తున్న ఇందిర మాత్రం విషం తాగదు, నూతిలో దూకదు. కృష్ణమూర్తిని పెళ్ళాడి తన బతుకు తాను చూసుకుంటుంది.

చదువుతున్నంతసేపూ మనకు కోపం ఇందిర మీద, జాలి ప్రకాశం మీద! ఇద్దరి మధ్య ఊగినవాడిది బలహీనత. తన దారి తాను వెతుక్కున్న పిల్లది గడుసుతనం. ఈ తీర్పు ఎవరిచ్చారు? అదీ అసలు మిస్టరీ. దొంగ కోసం వెతికితే మన మనసులోనే దొరుకుతాడు సుమండీ!

లోపం లేదనను. ఇందిర పక్కన కల్యాణి మంచితనాన్ని తూకపురాయిలా పెట్టడం నాకు నచ్చలేదు. మంచిపిల్ల అయితేనే న్యాయం దొరకాలా?

వారం తిరక్కుండానే అమ్మాయి పుస్తకం తిరిగి తెచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఒకడు మూడేండ్ల సంది నన్ను ప్రేమిస్తుండట. నేను వద్దన్న. ఫోన్ల మీద ఫోన్లు. నేనే వానికి ఏదో బాకీ ఉన్నట్టు మాట్లాడుతడు. సగం పుస్తకం దాకా ప్రకాశం మీద జాలిపడ్డ గదా, వీని మీద గూడ గట్లనే పడుతున్న అనిపించింది."

కాదన్నా వెంటపడే హీరోకి చివర పిల్లనిచ్చే సినిమాలు మనం ఎన్ని చూడలేదు! వద్దన్న ఆడపిల్ల వెంటపడటాన్ని 2013లో చట్టం నేరంగా రాసింది. మన జాలి మాత్రం ఇంకా మారలేదు.

మావైపు పసుపు కొనేవాడు పైరంగు చూసి ధర కట్టడు, కొమ్ము విరిచి చూస్తాడు. పెళ్ళిలో ఆ కొమ్మునే మెడలో కట్టించుకునే మనం ప్రేమ అనే మాటను ఒక్కసారైనా విరిచి చూడొద్దూ?

ఆ సాయంత్రమే అమ్మాయి వాళ్ళమ్మకు సంగతంతా చెప్పింది. పుస్తకం ఇప్పుడు వాళ్ళమ్మ చదువుతోంది.