వెలిపడిన తల్లికి జావ కాచి ఇవ్వకూడదా?

మా పని ప్రాంతంలోని ఒక పల్లెలో పక్షవాతంతో మంచం పట్టిన తల్లి ఒకామె ఉంది. పాతికేళ్ల కిందట కొడుకు, కోడలితో పాటు ఆమె కూడా త్రిశరణాలు, పంచశీలాలు స్వీకరించింది. ముసలితనంలో మళ్లీ పోచమ్మ గుడికి పోసాగింది, బోనం ఎత్తింది. అక్కడి విహార కమిటీ పెద్దలు ఆమె పేరు సభ్యుల జాబితాలోంచి కొట్టేశారు. ఆ గడప తొక్కవద్దని నోటిమాటగా అందరికీ చెప్పారు. కొడుకు అదే ఊళ్లో వేరే ఇంట్లో ఉంటాడు. నెలకోసారి ఎవరి చేతనో బియ్యం పంపుతాడు గాని తాను పోడు. మేము వెళ్లి అడిగితే, "అమ్మ ధమ్మం ఇడిసిపెట్టింది సార్. నేను పోయి చూసుకుంటే రేపు నన్ను గూడ అంటరు" అన్నాడు.

ఆ మాట వింటుంటే, న్యాయశాస్త్రం చదివే రోజుల్లో మేము చూసిన ఒక తీర్పు గుర్తుకొచ్చింది. మత కారణాలతో సహా ఏ కారణంతోనూ సభ్యులను వెలివేయరాదని బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేసింది. దావూదీ బోహ్రాల మతాధిపతి సైద్నా తాహెర్ సైఫుద్దీన్ దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1962 జనవరిలో ధర్మాసనం నలుగురికి ఒకరి తేడాతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. మత కారణాలతో వెలివేయడం మతశాఖ తన వ్యవహారాలను నడుపుకోవడంలో భాగమేనని, రాజ్యాంగం 26వ అధికరణం దాన్ని కాపాడుతుందని, అందువల్ల వ్యక్తి పౌరహక్కులకు దెబ్బ తగిలినా లెక్కలోకి రాదని మెజారిటీ తేల్చింది.

ఆ తీర్పును మళ్లీ చదివితే మాకు కనిపించే పెద్ద లోటు ఒకటుంది. అందులో ఇద్దరే ఉన్నారు: వెలివేసే మతాధిపతి, వెలిపడిన సభ్యుడు. ఆ సభ్యుడి ఇల్లు అందులో లేదు. వెలి అనేది మసీదు గుమ్మం దగ్గర, శ్మశానం గేటు దగ్గర ఆగిపోదు. బోహ్రా సమాజంలోని సంస్కరణవాదుల ఫిర్యాదులపై విచారించిన నథ్వానీ కమిషన్, వెలిపడిన మనిషి స్నేహితులకే కాదు, అతి దగ్గరి బంధువులకు కూడా దూరమవుతాడని 1979 నాటి నివేదికలో చెప్పింది. మతాధిపతి వేసిన శిక్షను ఇంట్లో అమలు చేయాల్సింది భార్య, కొడుకు, కూతురే. చేయకపోతే తర్వాతి వంతు వాళ్లది. ఆ భయం మీదే వెలి నిలబడుతుంది. భిన్నాభిప్రాయం రాసిన ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే వెలిపడినవాడి బతుకును అంటరానితనంతో పోల్చి 17వ అధికరణాన్ని గుర్తు చేశారు. ఈ తీర్పు సరైనదేనా అన్న ప్రశ్నను 2023 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తొమ్మిదిమంది ధర్మాసనానికి నివేదించింది. వెలి అన్న ఆయుధంతో కులం మనిషిని ఎలా అణచి ఉంచుతుందో బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో విప్పి చెప్పారు. ఆ ఆయుధం మనకు కొత్త కాదు. మన తాతలు దాని కింద నలిగినవాళ్లే.

ఇక తల్లిదండ్రుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో తల్లి అంటే ఎవరో నిర్వచనం ఉంది. కన్నతల్లి, దత్తత తల్లి, సవతి తల్లి అని ఉంది గాని, ఆమె ఏ మతంలో ఉండాలో, ఏ సంఘంలో సభ్యురాలై ఉండాలో లేదు. తనను తాను పోషించుకోలేని తల్లి ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించవచ్చు. అయితే చట్టం చేతికి అందేది అంతవరకే. మంచంలో పక్కకు తిప్పి వీపు తుడవమని, జావ కాచి చెంచాతో పట్టమని ఏ ట్రిబ్యునలూ ఉత్తరువు ఇవ్వలేదు. అది ధమ్మం చెప్పాల్సిన మాట.

ధమ్మం ఆ మాట చెప్పింది. వినయ పిటకం మహావగ్గలో వర్షావాస నియమాల మధ్య ఒక ఘట్టం ఉంది. వర్షావాసంలో భిక్షువు చోటు విడిచి పోరాదు. తప్పనిసరి పనికి ఏడు రోజుల్లో తిరిగి వచ్చేలా పోవచ్చు. ఒక భిక్షువు తల్లికి జబ్బు చేసింది, కొడుకును రమ్మని కబురు పెట్టింది. ఆమె ఉపాసిక కాదు. అప్పటికున్న నియమాల్లో అలాంటి తల్లి కోసం దారి లేదు. ఏం చేయాలో తెలియక భిక్షువు సందేహంలో పడ్డాడు. సంగతి తథాగతుడికి చేరింది. ఆయన ఆ తల్లిని ఉపాసికను చేసి రమ్మనలేదు. నియమాన్నే విస్తరించాడు. తల్లికో తండ్రికో జబ్బు చేస్తే, కబురు రాకపోయినా పోవచ్చన్నాడు. ఇల్లు విడిచిన భిక్షువుకే ఈ అనుమతి ఉంటే, ఇంట్లో ఉన్న ఉపాసకుడికి అడ్డేముంది?

సంఘానికి క్రమశిక్షణ అక్కర్లేదా అని కొందరు మిత్రులు అడుగుతారు. కావాలి. బుద్ధుడి కాలంలోనూ ఉంది. దబ్బ మల్లపుత్తుడిపై అబద్ధపు నింద మోపిన వడ్ఢుడనే లిచ్ఛవి విషయంలో సంఘం పాత్ర బోర్లించింది, అంటే అతని దానం స్వీకరించడం మానేసింది. ఆ వార్త విని అతను మూర్ఛపోయాడు. అప్పుడు బంధుమిత్రులు అతణ్ణి విడిచిపోలేదు. ఏడవొద్దని ఓదార్చారు. భార్యాబిడ్డలు, చుట్టాలు తోడురాగా అతను బుద్ధుడి దగ్గరకు వెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. పాత్ర మళ్లీ నిలబడింది. తోడు వెళ్లినందుకు ఆ చుట్టాల మీద ఎవరూ శిక్ష వేయలేదు. ఆ తోడు వల్లే అతను తిరిగి రాగలిగాడు.

పోచమ్మకు బోనం ఎత్తడాన్ని మేము సమర్థించడం లేదు. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్లం; కొడుకు తల్లి వెంట గుడికి పోనక్కర్లేదు. కమిటీ ఆమెకు పదవి ఇవ్వనక్కర్లేదు. కానీ ప్రాణికోటి పట్ల కరుణ చూపుతామన్నదీ ఆ ప్రతిజ్ఞల్లోదే. మంచాన పడిన తల్లి అందులోకి రాదా? విహార కమిటీలను మేము కోరేది ఒక్కటే. సభ్యత్వం గురించి ఏ నిర్ణయమైనా తీసుకోండి. రోగుల దగ్గరకు, వృద్ధుల దగ్గరకు పోవడాన్ని మాత్రం ఏ నిర్ణయమూ ఆపదని తీర్మానం రాసి, పౌర్ణమి సమావేశంలో అందరూ వినేలా చదవండి.

ఆ పల్లెలో మేము మహావగ్గ ఘట్టం చదివి వినిపించాం. కొడుకు ఇప్పుడు తల్లి దగ్గరకు పోతున్నాడు, కాని చీకటి పడ్డాకే. పగలు పోవడానికి ఇంకా జంకుతున్నాడు. ఆ జంకు పెట్టింది మనం. తీసేయాల్సిందీ మనమే.

నమో బుద్ధాయ! జై భీమ్!