కాశీయాత్రా చరిత్రమున మజిలీ శబ్దము

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్రమును తొలుత చదివినపుడు మజిలీ, కసుబా మొదలగు నన్యదేశ్యములక్రింద గీతలు గీయుచు బోయితిని. వ్యాకరణము చదివినవారికి యౌవనమున నిట్టి జాడ్యము సహజము. ఇపుడా గీతలను జూడ సిగ్గగుచున్నది.

చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండిన యాయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరెను. త్రోవనుండి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిన యుత్తరములే గ్రంథమై 1838లో ముద్రితమాయెను. తన వెనుక నా బాటనే రాబోవువానికి ఉపకరించుట దాని ప్రయోజనము. నీటివసతి యెట్టిది, అంగళ్లు గలవా, బాట రాతిదా రేగడిదా యను విషయములు దేవాలయ వర్ణనముతో సమానగౌరవము నందినవి. వీనిని నీరసములని త్రోసిపుచ్చు విమర్శకులు ఒక్క దినమైనను తెలియని యూరికి నడచి చూడవలెను.

యాత్రా, ప్రయాణ శబ్దములకు మూలమగు యా ధాతువునకు ప్రాపణ మర్థము. ఉపసర్గయందలి రేఫముచే ప్రయాణమున ణత్వము వచ్చునని శిష్యులకు జెప్పుదుము. శబ్దము సిద్ధించును గాని రాత్రి తలదాచుకొను చోటు సిద్ధింపదు. మజిలీ యన్ననో, దిగుట యను నర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టిన మాట.

ఇది నాకు కోశమువలన దెలియలేదు. మానుకోటనుండి, అనగా మహబూబాబాదునుండి, కాళేశ్వరమునకు బోవుచు ఓరుగంట రైలు దిగి, పరకాలమీదుగా బస్సున భూపాలపల్లి చేరి, మఱియొక బండికై కూర్చుంటిని. ప్రక్కనున్న ముదుసలి "అయ్యగారూ, పొద్దుగూకితే ఏడ దిగుతరు?" అని యడిగినది. కాళేశ్వరమున నొకే పానవట్టముపై రెండు లింగములున్నవని యెఱుగుదును. ఆమె ప్రశ్నకు మాత్రము నాయొద్ద నుత్తరము లేకపోయెను. వీరాస్వామయ్యగారు ప్రతి యూర నా ప్రశ్నకే యుత్తరము వ్రాసిరి. అచట "విశ్రాంతిస్థానము" అని సవరించినచో శబ్దశుద్ధి మిగులును, బాట పోవును.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని యూరని ప్రసిద్ధి. ఆయన పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణము శ్రీశైలయాత్రికుల పాటలతో మ్రోగుచుండును: తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు. నీరెక్కడ దొరకునో యాతడు చెప్పడు. తోడి జనుల కంఠమును వినిపించును. వీరాస్వామయ్యగారివెంట పెద్ద పరివారమే నడచినది. వారేమి పాడుకొనిరో, అలసి యేమనిరో, నాకు చాలినంతగా వినబడలేదు.