గుండె ఆపే ముందు గొట్టాల్లో ఏం నింపాలి?

కోనసీమ శివారు పొలాల్లో ఆయిల్ ఇంజను వేసే రైతు ముందుగా పంపులో నీళ్లు పోసి గాలి పోగొడతాడు. లేకపోతే కాలువ నిండుగా ఉన్నా పంపు లాగదు. గుండె ఆపరేషన్ థియేటర్లో, ఆగిన గుండెకూ ఊపిరితిత్తులకూ బదులు పనిచేసే హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు మొదటి పనీ ఇదే. కాకపోతే ఇక్కడ పోసిందంతా కాసేపట్లో మనిషి రక్తంలో కలుస్తుంది, గాలి బుడగ మిగిలితే మెదడుకే ముప్పు. అందుకే చాలాచోట్ల ముందు కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. అది ద్రవంలో ఇట్టే కరుగుతుంది. తర్వాత ద్రవం నింపి, రక్తానికి ఆక్సిజన్ అందించే ఆక్సిజనేటర్‌ను తట్టి తట్టి బుడగలు లేపుతూ ఒక్కో అతుకూ వెతుకుతారు.

1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఈ యంత్రంతో తొలిసారి నెగ్గినప్పుడు దాన్ని రక్తంతోనే నింపారు. 1960ల మొదట్లో నజీ జుహ్దీ, డెంటన్ కూలీ వంటివారు రక్తానికి బదులు డెక్స్‌ట్రోజ్ ద్రవంతో నింపి చూపాక రక్తదాతల మీద భారం తగ్గింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది రింగర్ లాక్టేట్, ప్లాస్మాలైట్. వాటిలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, తరచూ మానిటాల్ కలుపుతారు. ఉత్త సెలైన్ అయితే క్లోరైడ్ పెరిగి రక్తం ఆమ్లగుణానికి మొగ్గుతుంది. ఆల్బుమిన్ ఖరీదు.

ఏ సీసా అన్నదానికంటే ఎంత అన్నదే పెద్ద ప్రశ్న. వరినాట్లకు వెళ్లే యాభై కిలోల మనిషికి కీళ్లవాత జ్వరంతో గుండె వాల్వు పాడైందనుకుందాం. ఒంట్లో రక్తం సుమారు 3.3 లీటర్లు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 30. యంత్రంలోని 1.3 లీటర్ల ద్రవం కలిస్తే పీసీవీ 21-22కు పడిపోతుంది. రక్తం ఎక్కించాలా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. గొట్టాలు కురచ చేసి, రోగి సొంత రక్తంతోనే కొంత ద్రవాన్ని బయటికి నెట్టి, 400 మిల్లీలీటర్లు తగ్గించగలిగితే దాదాపు 24 దగ్గర నిలుస్తుంది. మూడు కిలోల పసిబిడ్డకు ఒంట్లో ఉండేదే పావు లీటరు. అక్కడ యంత్రంలో రక్తం నింపక తప్పని సందర్భాలే ఎక్కువ.

2007లో పేదల వైద్యానికి ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు మొదలుపెట్టింది. కూలి ఇంటి మనిషీ ఈ యంత్రం దాకా రాగలుగుతున్న కాలమిది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కాబట్టి ఆపరేషన్‌కు వ్యవధి ఉన్నవాళ్లకు ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది థియేటర్లో తేలే సంగతి కాదు. రాజమండ్రిలోనో అమలాపురంలోనో గుండె చప్పుడు తేడాగా ఉందని మొదట పసిగట్టిన డాక్టరే చూడాలి. ఆ నాట్ల కూలి పీసీవీ 30 నుంచి 34కు చేరితే, అదే 1.3 లీటర్లు కలిసినా 24 కంటే తగ్గదు.