గుక్క తిప్పుకునే చోటు

హరికథలో పాడేది, ఆడేది, వచనం చెప్పేది ఒక్కరే. పక్కన వయొలిన్, మృదంగం ఉన్నా రెండు మూడు గంటల కథను మోసేది మాత్రం ఆ ఒక్కరి ఊపిరితిత్తులే. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ వేసుకుని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఊరూరా కథ చెప్పుకుంటూ తిరుగుతున్నాను. రాగాలు, తాళాలు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. గుక్క ఎక్కడ తిప్పుకోవాలో తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

పాట కోరేదొకటి, ఆట కోరేదొకటి. పాటకు గాలిని చటుక్కున తీసుకుని నిదానంగా, పొదుపుగా విడవాలి. ఆడుతుంటేనేమో ఒళ్లు వేడెక్కి, త్వరత్వరగా పీల్చమని గుండె తొందరపెడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాడు, ఆరేడు లీటర్ల గాలి లోపలికి పోతుంది. దరువు మీద గజ్జె ఘల్లుమనిపించేటప్పుడు అది కొన్ని రెట్లు పెరుగుతుంది. అలా రొప్పుతూనే షడ్జం మీద నిలబడాలి. శ్రుతి వణికిందా, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా తెలిసిపోతుంది.

ఈ చిక్కుకు పెద్దలు కథ కట్టడంలోనే దారి చూపించారు. దూకుడు దరువు అయిన వెంటనే వచనం వస్తుంది. అక్కడ మాట నెమ్మదిస్తుంది, గుండె కుదుటపడుతుంది. చరణం చివర మృదంగం ముక్తాయింపు వేస్తున్నంతసేపూ కథకుడు చిడతలు ఆడిస్తూ, చిరునవ్వు చెదరకుండా, ముక్కుతో నిండుగా గాలి తీసుకుంటాడు. సభ చేత గోవింద నామం చెప్పించడం భక్తి కోసమే. దాంతోపాటు వందమంది గొంతులు కలిపి ఆయనకు ఒక గుక్క దానం చేస్తాయి. పిట్టకథ నవ్వించడానికని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది అలసిన ఛాతీకి వేసిన మంచం. పిట్టకథను కుదించి ‘టైమ్ కలిసొచ్చింది’ అనుకునేవారి గొంతు ఆ తర్వాత వచ్చే యుద్ధఘట్టంలో పీలబోవడం చూస్తూనే ఉన్నాం.

పద్యం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. శార్దూలానికి పాదానికి 19 అక్షరాలు, మత్తేభానికి 20, చంపకమాలకు 21. తెలుగు పద్యంలో మాట ఒక పాదం దాటి మరో పాదంలోకి పోతుంది కనుక పాదం చివర ఆగుదామంటే కుదరదు, మాట మధ్యలో తెగిపోతుంది. అర్థాన్ని బట్టి ఆగాలి. అందుకే పద్యం కంఠతా వచ్చేముందు, అందులో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించాలి. నా దగ్గరకు వచ్చే పిల్లలతో నేను మొదట చేయించే పని అదే.

సాధనకు తెల్లవారుజామే మేలు. ముందు మంద్రస్థాయిలో ఆకారం పట్టాలి. భుజాలు పైకి లేవకూడదు. పక్కటెముకలు విచ్చుకుని, పొట్ట కొద్దిగా ముందుకు రావాలి. సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడి, ఒక గుక్కకు ఎంత దూరం పోతున్నామో గమనించాలి. ఆ తర్వాత గజ్జె కట్టి, అడుగు వేస్తూ అవే వరుసలు పాడాలి. మొదటి నెలల్లో ఎవరికైనా ఆయాసమే వస్తుంది. ముక్కుతోనే పీల్చమని మొండిగా చెప్పడానికి కారణం ఉంది. ముక్కు గాలిని వడగడుతుంది, వెచ్చబెడుతుంది, తడి చేస్తుంది. నోటితో లాగిన గాలి స్వరతంత్రులను నేరుగా ఎండగడుతుంది.

ఈ విద్యకు పెద్ద దిక్కు మా ప్రాంతంవారే. ఆదిభట్ల నారాయణదాసు గారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం చూపే పంచముఖి ఆయన ప్రత్యేకత. ఆయన పేరు తెచ్చుకున్నది మైకులు లేని కాలంలో. ఆరుబయట పందిట్లో చివరి వరస వరకూ వినిపించడానికి గొంతు వెనక ఎంత గాలి నిలవాలో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆయన రచనల్లో హరికథలతోపాటు ‘మన్కిమిన్కు’ అనే వైద్యగ్రంథం కూడా ఉంది. హరికథా పితామహుడికి ఆరోగ్యం మీద పుస్తకం రాయాలనిపించడం వింతేమీ కాదు. గజ్జె కట్టినవాడికి ఒంటి సంగతి పట్టకుండా ఎలా ఉంటుంది?

ఇదే నేల మీద వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఊపిరి బిగబట్టి, ఛాతీ పొంగించి, ఇనుప గొలుసులు తెంచి చూపించారు. ఆయనది ఊపిరిని నిలిపే విద్య, మాది ఖర్చుపెట్టే విద్య. తప్పెటగుళ్ల వారిని చూడండి. గుండెకు తప్పెట కట్టుకుని, ఎగిరి దూకుతూ పాడతారు. ముందు పాడేవారి వెంట తక్కినవారు అందుకోవడంలో పాట అందంతో పాటు గుక్క తిప్పుకునే ఏర్పాటూ ఉంది. సన్నాయి మేళంలో ఒత్తు ఊదేవారు బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, ముక్కుతో పీలుస్తూనే, శ్రుతి తెగకుండా ఊదుతారు. ఇన్ని రకాల ఊపిరి విద్యలున్న సీమ మాది.

ఆ ఊపిరి కోసం మేం పీల్చుకునే గాలి ఎలా ఉందన్నదే ఇప్పుడు నన్ను వేధిస్తోంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కిందికి ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పట్టణాలు వచ్చాయి. గాలి ప్రమాణాలు అందుకోలేదని ఎంచిన ఆ పట్టణాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పచ్చటి జిల్లాలు, పక్కనే సముద్రం, మాకేం అనుకునే రోజులు పోయాయి. పీఎం 2.5 అనే సన్న ధూళి వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉంటుంది. దాన్ని ముక్కు కూడా పూర్తిగా ఆపలేదు, అది ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40.

ఊళ్లు తిరిగేవాళ్లకు ఆ లెక్కలు గొంతులోనే తెలుస్తాయి. టెక్కలి వైపు రాతి ధూళి, పలాసలో జీడిపిక్కలు కాల్చే పొగ ఘాటు, సాలూరు దారిలో లారీల వెనక డీజిలు. చలికాలం రాత్రి చల్లగాలి నేలనంటుకుని ఉండిపోతుంది, పొగ పైకి పోదు. ధనుర్మాసం కథలు సరిగ్గా అప్పుడే. భోగి నాడు పిడకలు, ఎండు కొమ్మలతో పాటు పాత టైర్లు వేసే చోట్ల మర్నాటి కథకు స్వరం బొంగురుపోతుంది. బుగ్గన కరక్కాయ, అతిమధురం, మిరియాల పాలు, వేడినీటి ఆవిరి... ఇవన్నీ గొంతుకు హాయినిస్తాయి. ఊపిరితిత్తుల్లోకి దిగిన ధూళిని మాత్రం ఇవేవీ తీయలేవు. ఆ సంగతి తోటి కళాకారులకు గట్టిగా చెబుతున్నాను. దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వస్తున్నా డాక్టరు దగ్గర ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. ప్రయాణంలో మాస్కు పెట్టుకోవాలి. బీడీ, సిగరెట్ల జోలికి పోకూడదు.

మిగతాది పందిరి వేసేవారి చేతిలో ఉంది. వెళ్లగానే కమిటీ పెద్దలు ‘దాసుగారూ, మైకు బాగుందా?’ అని ఆప్యాయంగా అడుగుతారు. జనరేటర్ ఎటుంది అని నేను అడుగుతాను. దాన్ని వేదిక వెనక కాకుండా గాలికి పొగ మా వైపు రాని దిక్కున, వీలైనంత దూరంగా పెట్టించమంటాను. మందుగుండు కథ మొదలవకముందే కానిచ్చి, పొగ పలచబడ్డాక నన్ను పిలవమంటాను. సాంబ్రాణి దేవుడి ముందు చాలు, వేదిక మీద పొగ మిషను వద్దు. మట్టి ఎగరకుండా వేదిక చుట్టూ సాయంత్రమే నీళ్లు చల్లించమంటాను. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. శ్రీరామనవమి పందిళ్లలో కొన్ని ఊళ్లవాళ్లు ఇప్పటికే ఇలా చేస్తున్నారు. అక్కడ మొదటి వరసలో కూర్చునే పసిపిల్లలు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు కూడా మంగళహారతి దాకా లేవకుండా కథ వింటున్నారు.