నేలబారు దారికి దండం

దారీ, నీకు దండం. మబ్బుల మీదుగా ఎగరేసుకెళ్ళి గంటన్నరలో మంచులో దించేసే దారికి కాదు. నేలను విడవకుండా, ప్రతి ఏటికీ ప్రతి అడవికీ చెప్పి మరీ వెళ్ళే నీకు. నేలబారు అంటే మన వాడుకలో చౌకరకం. నీ దగ్గరికొచ్చేసరికి ఆ మాటను పొగడ్తగా వాడుకుంటున్నాను. చలికాలంలో ఉత్తరధ్రువ వలయంలోకి వెళ్ళేవాడు నేలబారుగా వెళ్ళడమే మర్యాద.

సాయంత్రం స్టాక్‌హోమ్‌లో నీ రాత్రి రైలెక్కితే మరునాడు మధ్యాహ్నానికి నార్వే తీరాన నార్విక్. నడుమ 1,500 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. అంత చలినీ నువ్వు ఒక్కసారి నెత్తిన కుమ్మరించవు. పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు కొంచెం కొంచెంగా పడతావు. మొదట ఒంటికి అంటుకునే తడిచలి. అర్ధరాత్రి దాటాక కిటికీ అంచున తెల్లని జరీ. బోడెన్‌లో పెట్టె తలుపు తీసేసరికి ముక్కు లోపలి తేమ చిటుక్కున గడ్డకట్టి, ఊపిరి ఒక వస్తువని తొలిసారి తెలుస్తుంది. స్టేషన్లు దాటేకొద్దీ భూర్జ చెట్లు పొట్టివవుతాయి. మా బంధువుల్లో ముసలివాళ్ళు ఏటేటా కొంచెం కొంచెం కుంగినట్టు.

పోల్‌సిర్కెల్న్ అని ఒక చిన్న చోటు. ఆ పేరుకు అర్థమే ధ్రువవలయం. 66 డిగ్రీల 33 నిమిషాలు. గంట మోగించవు, ఎవరినీ లేపవు. దుప్పటి కింద మా పాదాలు అటు వెళ్ళాయి, తలలు ఇంకా ఇటే ఉన్నాయి.

నిన్ను వేసినవాళ్ళను తలవకుండా నిన్ను పొగడకూడదు. రల్లారె అనేవారు ఆ రైలుదారి కూలీలను. కిరునా నుంచి సరిహద్దు కొండల మీదుగా సముద్రం దాకా, 1898 నుంచి 1902 వరకు, చలికాలాలను కూడా కలుపుకొని బండ పగలగొట్టారు. 1903 జూలైలో రాజు రెండో ఆస్కర్ వచ్చి ప్రారంభించాడు. రాజులు జూలైలోనే వస్తారు. టోర్నెహామ్న్ దగ్గర ఆ కూలీల శ్మశానం ఉంది. అందులో ఒక చెక్క శిలువ మీద ‘అన్నా, నార్వే’ అని మాత్రమే ఉంటుంది. కూలీలకు వండిపెట్టిన ఒక వంటమనిషిదని, ఆమెను అందరూ నల్ల ఎలుగు అనేవారని కథ. ఎలా పోయిందన్నది తలా ఒక రకంగా చెబుతారు. వండిపెట్టిందన్న దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట. నాకు ఆ ఒక్క మాట చాలు. అంత చలిలో వేడి అంబలి గిన్నె అందించిన చేతికన్నా పెద్ద ఇంజనీరు ఎవరు?

కిరునా. అక్కడ డిసెంబర్ రెండో వారం నుంచి కొత్త సంవత్సరం దాకా సూర్యుడు గడప దాటి రాడు. అయినా చీకటి మనం భయపడినంత నల్లగా ఉండదు. మధ్యాహ్నం కాసేపు లోకమంతా సిరా కలిపిన నీళ్ళలో ముంచి తీసినట్టు నీలంగా ఉంటుంది. ఆ నీలంలో పనివాళ్ళు కదులుతారు, ఒంటి మీది మెరుపు పట్టీలే మనుషులై నడుస్తున్నట్టు. కారు నిలిపే చోట ప్రతి కారు ముందూ కరెంటు స్తంభం; గుంజకు కట్టిన గేదెల్లాగా కార్లు వైరుకు కట్టేసుకుని ఉంటాయి. ఇంజనును వెచ్చగా ఉంచితే తప్ప పొద్దున్నే పనికి కదలదు. ఊరి కింద ఇనుప గని. అర్ధరాత్రి దాటాక గనిలో పేలుళ్ళు జరిగితే పడకలో పడుకున్నవాడి వెన్నుకు ఆ కుదుపు తెలుస్తుంది. ఆ తవ్వకానికి నేల కుంగుతుంటే ఊరే లేచి పక్కకు జరుగుతోంది. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల మీదికెత్తి, 5 కిలోమీటర్లు, రెండు రోజులు నడిపించారు. దారీ, నీకన్నా నెమ్మదిగా వెళ్ళినదాన్ని చూపించమంటే ఇక ఆ చర్చినే చూపించాలి.

చూడ్డానికి వచ్చినవాడికి ఆ చీకటి ఒక వింత. పనికి వచ్చినవాడికి అది ఎనిమిది గంటల డ్యూటీ. నేను రెండోవాడి పక్షం. ఉత్తరకాంతుల గురించి ఇక్కడ రాయను. అవి కనిపించినవాళ్ళంతా రాస్తూనే ఉన్నారు. మంచు ఎత్తిపోసేవాడు పార మీద గడ్డం ఆనించి ఒకసారి పైకి చూస్తాడు, మెడ పట్టేస్తే దించుకుంటాడు, మళ్ళీ ఎత్తిపోస్తాడు. అతని ఆకాశం అతనిది.

అసలు మన తెలుగుకు మంచు అంటే ఒక్కటే. పొద్దున గడ్డి మీద తడి మంచే, పొగలా కమ్మేది మంచే, రాలేది మంచే, గడ్డకట్టింది మంచే. సామీ రెయిన్‌డీర్ కాపరులకు ఆ పొదుపు కుదరదు. మంచు కింద మేత ఎలా ఉంది, జంతువు గిట్టతో తవ్వుకుని దాన్ని అందుకోగలదా అన్న సంగతంతా చెప్పడానికి గుఒహ్తున్ అని ఒకే మాట ఉంది. వాన పడి పైన గట్టి పెచ్చు కట్టిందో, మేత కళ్ళముందే తాళం పడ్డ కొట్టవుతుంది. వాళ్ళకు మంచు అందం కాదు, గాదె. ఆ గాదె తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని రోజూ మంచును తవ్వి చూడటం వాళ్ళ చలికాలపు పని.

అబిస్కో దాటాక టోర్నెట్రెస్క్ సరస్సు తెల్లని మైదానమై పక్కనే పరుగెడుతుంది. సరిహద్దు దాటి నువ్వు కొండ అంచు పట్టుకుని దిగుతావు. కింద సముద్రం నల్లగా, గడ్డకట్టకుండా ఉంటుంది. అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం పుణ్యమే అది. ఆ గడ్డకట్టని నీటి కోసమే నిన్ను ఇంత దూరం వేశారు. ఇనుప రాయి నింపుకుని దిగే రైళ్ళు బ్రేకు వేసినప్పుడల్లా కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో ఖాళీ రైళ్ళు కొండెక్కుతాయి. బరువు దించుకుంటూ దిగేవాడు ఎక్కేవాడికి చెయ్యి అందించినట్టు.

నార్విక్‌లో పట్టాలు ఆగిపోతాయి. నువ్వు ఆగవు. బస్సువవుతావు, వంతెనవవుతావు, కొండలో సొరంగమవుతావు, లోఫోటెన్ దీవుల్లో స్వోల్వేర్ రేవులో దించుతావు. అప్పటికి జనవరి. అదే సమయానికి బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేప గుడ్లు పెట్టడానికి దిగి వస్తుంది. ఆ చేపను స్క్రెయ్ అంటారు. పాత నార్స్ భాషలో తిరుగాడటం అనే మాట నుంచి వచ్చిన పేరు. వందల కిలోమీటర్లు ఈదే వస్తుంది. మేము నీ మీద పాకుతూ దక్షిణం నుంచి, అది నీళ్ళలో ఉత్తరం నుంచి. ఇద్దరం ఒకే రేవులో కలుసుకుంటాం, దాని చేతిలో కత్తి ఉండదన్నదే తేడా.

ఇక పని. కడుపు చీరడం, కాలేయం ఒక తొట్టిలోకి, గుడ్ల సంచి ఇంకో తొట్టిలోకి, తల వేరుగా. తలల్లోంచి నాలుకలు కోసేది పిల్లలు. బడి వదిలాక కత్తితో వచ్చి కోసి అమ్ముకుంటారు, ఆ డబ్బు వాళ్ళదే. ఆ కోత వేగం చూశాక మా చేతులు చూసుకోబుద్ధి కాదు. మిగిలిన ఒళ్ళును రెండేసి చొప్పున తోకలు కలిపి తాడుతో కట్టి, చెక్క దండేల మీద వేలాడదీయాలి. దారికి దండం, చేపకు దండెం. మన తీరంలో ఎండుచేపకు ఎండ కావాలి, ఉప్పూ పడుతుంది. ఇక్కడ ఉప్పు లేదు, ఎండ నామమాత్రం. సున్నాకు అటూ ఇటూ ఊగే చలి, సముద్రపు గాలి, అంతే. మరీ గడ్డకడితే కండ చెడుతుంది, వేడెక్కితే ఈగ వాలుతుంది. ఆ సన్నని సందులోనే చేప ఎండాలి. ఈ వేట కోసం వచ్చే జాలర్లకు 1120 ప్రాంతంలో రాజు ఓయ్‌స్టైన్ గుడిసెలు కట్టించాడు. రోర్బు అంటారు వాటిని. ఇప్పటివాటిలో ఎక్కువ భాగం టూరిస్టులకు అద్దెకిస్తున్నారు. ఫరవాలేదు, కానీ వాటి గోడలకు చేపనూనె వాసన వదిలిపోయిన చోట నాకు నిద్ర పట్టదు.

మూడు నెలలు పోయాక చేప కట్టెలా మోగుతుంది. బరువులో ముప్పాతిక వంతుకు పైగా గాలికి ఇచ్చేసి ఉంటుంది. ఒళ్ళు ఇటలీకి, తలలు నైజీరియాకు వెళ్తాయి. మేము అదే బస్సెక్కి, అదే రైలెక్కి, నీ మీదే వెనక్కి. ఈసారి రాత్రి పేరుకే, కిటికీకి తెర వేసుకుంటే గానీ కన్ను మూతపడదు.

స్వెట్టర్ రెండుసార్లు ఉతికాను. బోడెన్ దాటినా వాసన పోలేదు. ఎదురు సీటు ఆవిడ ముక్కు మూసుకోలేదు, ఏ రేవులో పని చేశావని అడిగింది.