ఊ – ఊడ

గోడపటముమీది బొమ్మను చూపి అక్షరమును వల్లె వేయించుట సులభమే కాని, ఆ బొమ్మను తాకుటకును, వాసన చూచుటకును, విరిచి లోపలేమున్నదో కనుగొనుటకును వీలులేదు గనుక, నాలుగేండ్ల శిశువున కది ఎన్నటికిని గోడదిగానే యుండును. ఆ పటములలో ‘ఊ’ కెదురుగా ఊయల యుండుట పరిపాటి. మా తనకల్లు పిల్లలకైతే ఆ తావున నేను ఊడ నుంచెదను.

ఈ కదిరి సీమలో ఊడలు రెండు విధములు. గూటిబయలులో సుమారు ఐదెకరములు కమ్ముకొని, 1989లో గిన్నిస్ పుటల కెక్కిన తిమ్మమ్మ మర్రిమాను కొమ్మలనుండి దించునవి కొన్ని. శనక్కాయ చేనిలో పచ్చని పూవు వాడిన పిమ్మట మట్టిలోనికి దిగునవి కొన్ని. మర్రి ఊడ వేరు. నేలనంటి, క్రమముగా బలిసి, కొమ్మకు స్తంభమగును. శనక్కాయ ఊడ వేరు కాదు. కొనయందు పిందెను మోసికొని పోయి, చీకటిలో దానిని కాయగా పెంచును.

ఒక అంగన్‌వాడీలో ఈ భేదమును పిల్లల చేతికే విడిచిపెట్టిరి. కుండలో మొలిపించిన శనక్కాయ చెట్టుకు ఊడలు దిగువేళ, ఒకదానిని మట్టిలోనికి పోనిచ్చి, వేరొకదాని క్రింద అట్టముక్క నడ్డుపెట్టిరి. కొన్ని వారములకు చెట్టు పెరికిచూడగా, మట్టిలోనిది కాయయై యుండెను, అట్టమీదిది ఎండుపుల్ల.

“మన్నులేకి పోకుంటే కాయ కాదా టీచరమ్మా?” అని యొక చిన్నది అడిగిన ప్రశ్నకన్న మేలైన శాస్త్రారంభమును నే నెరుగను.

పిమ్మట గంజిలో తడిపిన పురికొసతో అట్టపై ‘ఉ’ నతికించి, దాని కొనకు మరికొంత కొస చేర్చి వంచి ‘ఊ’గా దిద్దిరి, ఎర్రమట్టి నీళ్ళలో అద్దిన శనక్కాయ తొక్కులతో దానిచుట్టును ముద్రలు వేసిరి. ఆరిన కొసపై వ్రేలు నడపినప్పుడు అక్షరపు మలుపు చర్మమునకే తెలియును.

వ్రేలితో నేర్చుట మనకు క్రొత్త గాదు. మన వీధిబడులు ఇసుకపైననే ఓనమాలు దిద్దించినవి; దక్షిణదేశపు బాలురు ఇసుకలో వ్రాయుట గాంచి, మద్రాసు అనాథశరణాలయమున ఆ పద్ధతిని ప్రవేశపెట్టిన ఆండ్రూ బెల్, 1797లో లండనునందు దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇసుక వ్రేలికి రూపము నేర్పెను. వస్తువునుగూర్చి ప్రశ్న పుట్టించు భారము మాత్రము మనపై మిగిలినది.

మూడేండ్లవారు గింజలను ముక్కులోనో నోటిలోనో పెట్టుకొందురు గనుక పెద్దలు ప్రక్కనే కూర్చుండవలెను. వర్ణమాలలో ‘ఊ’ ఆరవదైనను, జూలైలో విత్తిన చేను ఆగస్టు చివర ఊడలు దించునంతవరకు దాని నాపియుంచవచ్చును.