ముందు చూడవలసినది నాడినా, ఊపిరినా?
హైదరాబాదు క్లోరోఫారము నివేదికపై విమర్శ

కొల్లాపురం దగ్గర సోమశిల వద్ద కృష్ణలో మునిగిన మనిషిని స్పృహ లేకుండా ఒడ్డుకు చేర్చారనుకుందాము. చుట్టూ మూగినవారు నాడి పట్టి చూస్తారు. ముందు చూడవలసినది నాడినా, ఊపిరినా?

కొల్లాపురం నిజాముకు లోబడిన సంస్థానంగా ఉన్న రోజులలోనే హైదరాబాదులో ఇటువంటి ప్రశ్నపై పెద్ద విచారణ జరిగినది. అది మునక గురించి కాదు, క్లోరోఫారము గురించి. ఆ మత్తులో కొందరు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది గుండెయా, శ్వాసయా? ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఆరవ నిజాము ప్రభుత్వ సహాయముతో 1888లోను, 1889లోను రెండు సంఘాలు జంతువులపై ప్రయోగాలు చేసినవి. రెండవదానికి లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. శ్వాసే ముందు ఆగుతుందనీ, మత్తు ఇచ్చేవాడు దానినే కనిపెట్టి ఉండాలనీ అవి తేల్చినవి.

నివేదికలో మెచ్చదగినది దాని ఆచరణభాగము. శ్వాస కష్టమైతే కింది దవడను వెనుక మూలల నుండి ముందుకు నెట్టమన్నది. వెల్లకిల పడుకున్న స్పృహలేని మనిషిలో కండరాలు సడలి నాలుక మొదలు వెనుకకు జారుతుంది. స్వరపేటికపై మూత వంటి ఉపజిహ్విక దారికి అడ్డుపడుతుంది. ఎదురురొమ్ము ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. దవడ ముందుకు వస్తే ఈ రెండూ లేచి దారి తెరుచుకుంటుంది.

తొందర ఎందుకో లెక్క చూడండి. మామూలుగా ఊపిరి వదలిన తరువాత పెద్దవారి ఊపిరితిత్తులలో సుమారు 2½ లీటర్ల గాలి మిగులుతుంది. అందులో ప్రాణవాయువు ఏడవ వంతు, అనగా 350 మిల్లీలీటర్లు. శరీరము నిమిషానికి 250 ఖర్చు చేస్తుంది. ఆ నిలువ ఒకటిన్నర నిమిషానికైనా చాలదు. అందుకే నేటి వైద్యులు గొంతులో గొట్టము వేయబోయే ముందు రోగిచేత శుద్ధ ప్రాణవాయువు పీల్పిస్తారు.

లోపమెక్కడ? గుండెకు నేరుగా అపాయమే లేదనడములో. మత్తును అతిగా ఎక్కించి చూచిన ప్రయోగాలలో శ్వాస ముందు ఆగినమాట నిజమే. కాని 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికమత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె అదిరి, రక్తాన్ని నెట్టలేక హఠాత్తుగా ఆగగలదని చూపినాడు. భయపడిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ తనంతట తానే ఊరుతుంది. ఒక పరిస్థితిలో కనబడినదానిని అన్ని పరిస్థితులకు శాసనము చేయడమే ఆ నివేదిక చేసిన తప్పు.

అయినా ఒడ్డున ఉన్నవారికి దానిలో ఒక పాఠమున్నది: నాడి వెదుకుతూ కూర్చోరాదు. పొట్ట నొక్కి నీరు కక్కించడములో కాలము పోగొట్టరాదు. తల వెనుకకు వంచి, గడ్డము ఎత్తి ఊపిరి చూడవలెను. అది లేకుంటే ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదవలెను. ఆ వెంటనే, నివేదిక మరచిన గుండెకోసం, రొమ్ము నడుమ గట్టిగా నొక్కుతూ, మధ్యమధ్య ఊపిరి ఊదుతూ, సహాయము వచ్చేదాకా ఆపరాదు.